తలాపున కూర్చునే డాక్టరు

1889 అక్టోబరు చివరి వారం నుంచి డిసెంబరు దాకా హైదరాబాదులో నలుగురు డాక్టర్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. క్లోరోఫాం ఎక్కువై ప్రాణం పోయేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెకాయా? అది తేల్చడానికి కుక్కల్ని, కోతుల్ని, మేకల్ని, పిల్లుల్ని, కుందేళ్లని తెప్పించారు. గుర్రాల్ని కూడా వదల్లేదు. అన్నీ కలిపి ఆరు వందలకు అటూ ఇటూగా తేలాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పెట్టుకున్నాడు. ఫలితం కోసం లండన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కాచుకుని ఉంది.

వైద్యచరిత్రలో ఈ పరిశోధనను హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ అంటారు. చార్మినార్ గురించి, మూసీ వరదల గురించి, మహబూబ్ పాషా పేరు తలుచుకుంటే పాము విషం దిగుతుందన్న జనం నమ్మకం గురించి ఎన్నో కథలు చెప్పుకునే ఊళ్లో ఈ కథ మాత్రం డాక్టర్ల సభలు దాటి పెద్దగా బయటికి రాలేదు. రావలసిన కథ ఇది. ఆపరేషన్ బల్ల దగ్గర రోగి తలాపున ఒక మనిషి కూర్చుని ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న పట్టుదలకు ప్రపంచంలో అందరికంటే గట్టిగా గొంతు ఇచ్చిన ఊరు హైదరాబాదు.

మత్తుమందు రాకముందు ఆపరేషన్ అంటే కదలకుండా బిగించి పట్టుకునే నలుగురు మనుషులు, వేగంగా కోసే ఒక చెయ్యి. లండన్‌లో రాబర్ట్ లిస్టన్ అనే సర్జన్‌కు కాలు తీసెయ్యడానికి మూడు నిమిషాలు పట్టేది కాదట. ఆ వేగమే ఆయనకు పేరు తెచ్చింది. కడుపు తెరవడం, ఛాతీ తెరవడం లాంటివి ఊహకు కూడా అందేవి కావు, ఎందుకంటే ఆ నొప్పిని అంతసేపు భరించగల మనిషి లేడు. మన దేశంలో 1845లో హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే కంపెనీ డాక్టరు మెస్మరిజంతో రోగుల్ని నిద్రలాంటి స్థితిలోకి పంపి, బోద జబ్బుతో పెరిగిన పెద్ద పెద్ద కణితులు కోసి తీశాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయన కోసం కలకత్తాలో ఒక చిన్న ఆసుపత్రి కూడా ఇచ్చింది. కానీ 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ ఆవిరి పీల్పించి అందరి ముందూ ఆపరేషన్ చేయించాడు. ఆ దెబ్బతో మెస్మరిజం పక్కకు తప్పుకుంది. కొన్ని నెలల్లోనే కలకత్తాకూ ఈథర్ వచ్చేసింది.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. ఈథర్ కంటే వాసన మేలు, పని త్వరగా చేస్తుంది, మంట అంటుకోదు, ఓ గుడ్డ మీద నాలుగు చుక్కలు పోస్తే చాలు. వేడి దేశాల్లో ఈథర్ ఇట్టే ఆవిరైపోతుంది కాబట్టి ఇక్కడి డాక్టర్లకు క్లోరోఫామే చేతికి అందివచ్చింది.

పట్టుమని మూడు నెలలు గడవలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర విన్లాటన్ అనే ఊళ్లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లకు కాలి బొటనవేలి గోరు తీయాల్సి వచ్చింది. అంతకుముందు ఈథర్ ఇచ్చి ఒక గోరు తీశారు, ఏమీ కాలేదు. ఈసారి క్లోరోఫాం. పిల్ల భయంతో ఏడుస్తూ కుర్చీలో కూర్చుంది. గుడ్డ మీద కొంచెం మందు పోసి ముక్కు దగ్గర పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో ప్రాణం పోయింది. పోతున్న ప్రాణాన్ని నిలబెట్టాలని నోట్లో నీళ్లు, బ్రాందీ పోశారు. మందు తప్పు లేదు, ఆ బ్రాందీ గొంతుకు అడ్డం పడి ఊపిరాడక పోయిందన్నాడు సింప్సన్. కాదు, క్లోరోఫామే గుండెను ఆపిందన్నాడు జాన్ స్నో. కలరా నీళ్ల ద్వారా వస్తుందని నిరూపించిన స్నో ఈయనే. 1853లో విక్టోరియా రాణికి కాన్పు సమయంలో క్లోరోఫాం ఇచ్చింది కూడా ఈయనే.

ఆ తగాదా నలభై ఏళ్లు నడిచింది. లండన్ డాక్టర్లు నాడి పట్టుకుని కూర్చునేవారు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే సర్జన్ శిష్యులకు నాడితో పని లేదు. వాళ్ల చూపంతా ఊపిరి మీదే. ఇది కేవలం పట్టింపు కాదు. తలాపున ఉన్నవాడు దేన్ని చూడాలో తేలకపోతే, ఆపద వచ్చిందని ఎప్పుడు తెలుసుకోవాలి? తెలుసుకున్నాక ఏం చెయ్యాలి? ప్రతి ఏటా ఎక్కడో ఒకచోట పళ్లు పీకించుకోవడానికి వెళ్లినవాళ్లు, చిన్న గడ్డ కోయించుకోవడానికి వెళ్లినవాళ్లు కుర్చీల్లోనే చనిపోతున్నారు.

సైమ్ దగ్గర ఆ పాఠం నేర్చుకుని వచ్చినవాడే ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా చేరి, మెడికల్ స్కూలు బాధ్యత కూడా చేపట్టాడు. ఆ స్కూలు మోర్టన్ ఈథర్ ఇచ్చిన ఏడాదే, అంటే 1846లోనే, నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో మొదలైంది. ఉర్దూలో పాశ్చాత్య వైద్యం చెప్పిన బడి అది. తర్వాతి కాలంలో అదే ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. లారీ వచ్చాక చదువు ఇంగ్లీషులోకి మారింది. మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆయన ఆపరేషన్లు చేస్తుంటే, ఆయన విద్యార్థులు క్లోరోఫాం ఇచ్చేవారు. నాడి ముట్టుకోవడం వాళ్లకు నిషిద్ధం.

లారీ నమ్మకం గట్టిది, మాట దురుసుది. 1888లో మొదటి కమిషన్ వేయించాడు. వందకు పైగా కుక్కలకు క్లోరోఫాం ఎక్కించి చూసి, ప్రతి కుక్కలోనూ ఊపిరి ఆగిన తర్వాతే గుండె ఆగిందని తేల్చారు. 1889 ఆరంభంలో మెడికల్ స్కూలు బహుమతుల సభలో లారీ ఆ సంగతి అందరికీ వినబడేలా ప్రకటించాడు. ఊపిరిని చూసుకుంటే చాలు, క్లోరోఫాం పూర్తిగా భద్రమైన మందు అన్నాడు. లాన్సెట్ ఒప్పుకోలేదు. ఐరోపాలో ఇన్ని మరణాలు కళ్ల ముందు కనబడుతుంటే హైదరాబాదు కుక్కల మాట ఎలా నమ్మాలని అడిగింది.

అప్పుడు నిజాం ప్రభుత్వం ముందుకొచ్చింది. మీకు నమ్మకమున్న మనిషిని మీరే పంపండి, ఎదురుగా నిలబడి చూసుకోండి అంటూ లాన్సెట్‌కు వెయ్యి పౌన్లు ఇచ్చింది. మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. సంస్థానాధీశుల డబ్బు ఎక్కువగా దేనికి పోయేదో తెలిసిన వాళ్లకు ఈ వెయ్యి పౌన్ల విలువ అర్థమవుతుంది. ఒక వైద్యశాస్త్ర తగాదాను ప్రయోగంతో తేల్చడానికి దక్కను నుంచి లండన్‌కు డబ్బు వెళ్లింది.

లాన్సెట్ పంపిన మనిషి థామస్ లాడర్ బ్రంటన్. మందులు ఒంట్లో ఎలా పని చేస్తాయన్న శాస్త్రంలో అప్పటి పెద్దల్లో ఒకడు. నొప్పి మీద ఆయన చేసిన పని అప్పటికే లోకానికి తెలుసు. గుండె నొప్పితో మెలికలు తిరిగే రోగులకు అమైల్ నైట్రైట్ ఆవిరి పీలిస్తే నిమిషంలో ఉపశమనం దొరుకుతుందని 1867లో చూపించింది ఆయనే. క్లోరోఫాం గుండెను ఆపగలదన్న అభిప్రాయంతోనే ఆయన హైదరాబాదులో దిగాడు. లారీ అధ్యక్షుడుగా, బ్రంటన్, జెరాల్డ్ బాంఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండో కమిషన్ పని మొదలుపెట్టింది.

ఈసారి కంటిచూపు మీద ఆధారపడలేదు. జంతువు రక్తనాళానికి గొట్టం బిగించి, తిరిగే కాగితం మీద రక్తపోటు దానంతటదే గీతగా పడేలా యంత్రం పెట్టారు. ఊపిరి కదలికకు ఇంకో గీత. ఏ గీత ముందు చదునైందో ఎవరైనా చూసి చెప్పవచ్చు. లండన్‌లో ఉన్నవాళ్లు కూడా చూసుకోవాలని ఆ గీతలన్నిటికీ ఫోటోలు తీయించారు. వాదనను మాటల నుంచి గీతల్లోకి మార్చడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆ గీతల కోసం అన్ని మూగజీవాలు పోయాయన్నది కూడా చరిత్రలో భాగమే, దాన్ని దాటవేసి ముందుకు పోకూడదు.

డిసెంబరులో బ్రంటన్ లాన్సెట్‌కు తంతి కొట్టాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల వస్తోందని, గుండెకు నేరుగా వచ్చే ముప్పేమీ లేదని దాని సారాంశం. వాదించడానికి వచ్చినవాడే లారీ పక్షాన చేరాడు.

మరుసటి ఏడాది లాన్సెట్‌లో అచ్చయిన నివేదికలో గుండె గురించిన తీర్పు కంటే చివర ఇచ్చిన ఆచరణ నియమాలే ఈ రోజుకీ చదవదగ్గవి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ మీద, ఛాతీ మీద, పొట్ట మీద బిగుతుగా ఏదీ ఉండకూడదు. ఊపిరికి అడ్డు రాకూడదు, అది సాగుతోందో లేదో కంటికి కనబడాలి. మందు ఇవ్వడానికి శంకువులాంటి టోపీ, దాని కొసలో కాస్త దూది చాలు. భయపడి పెనుగులాడే రోగి ముక్కు మీద టోపీ అదిమి పట్టకూడదు. పెనుగులాట మధ్యలో ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా గాఢంగా పీలిస్తే మందు మితిమీరి లోపలికి పోతుంది. కంటి నల్లగుడ్డును తాకినా రెప్ప కదలకపోతే మత్తు చాలినట్టే, ఆపైన ఇవ్వకూడదు. ఊపిరి తడబడితే దవడను ముందుకు తేవాలి. ఆగిపోతే ఆ క్షణమే కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, మందిచ్చే మనిషి చూపు ఆపరేషన్ వైపు తిరగకూడదు.

ఆ చివరి మాటలోనే ఒక వృత్తి ఉంది. అప్పటిదాకా క్లోరోఫాం గుడ్డ పట్టుకునే పని ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లది. సర్జన్ ఏం కోస్తున్నాడో చూద్దామన్న ఆసక్తితో ఉన్న కుర్ర డాక్టరుకు ఆ గుడ్డ అప్పజెప్పేవారు. రోగి ఊపిరి తప్ప వేరే పని లేని మనిషి ఒకరు ఉండాలన్న పద్ధతి అఫ్జల్‌గంజ్‌లో లారీ విద్యార్థులకు రోజువారీ అలవాటైంది.

ఆ విద్యార్థుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. హైదరాబాదు పార్సీ కుటుంబం అమ్మాయి. 1885లో లారీ మెడికల్ స్కూల్లోకి తీసుకున్న మొదటి కొద్దిమంది ఆడపిల్లల్లో ఆమె ఉన్నారు. 1889లో హకీం పట్టా తీసుకుని, హైదరాబాదు ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇచ్చే పనిలోనే ఉన్నారు. ప్రపంచంలో మత్తు ఇవ్వడాన్ని వృత్తిగా చేసుకున్న మొదటి మహిళ ఆమేనని వైద్యచరిత్రకారులు పలువురు అంటారు. అప్పటి పరిస్థితి చూస్తే ఆమె పని ఎంత అవసరమో తెలుస్తుంది. పరదా ఇళ్ల ఆడవాళ్లు మగ డాక్టరు ముందు నోరు విప్పడానికే జంకేవారు, ఇక ముఖం మీద టోపీ పెట్టించుకుని స్పృహ తప్పడానికి ఎలా ఒప్పుకుంటారు? తలాపున ఒక ఆడ డాక్టరు ఉందంటే ఆ భయం సగం తగ్గేది. 1909లో ఆమె పైచదువులకు ఎడిన్‌బరో వెళ్లారు. తిరిగొచ్చి, చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో రిటైరయ్యారు. ఆమె పేరు మీద నగరంలో ఒక పెద్ద వీధైనా ఉండాల్సింది.

నివేదిక వచ్చాక లారీ గెలిచినట్టే కనబడింది. కానీ 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు వేరే ప్రయోగం చేశారు. రెండు జంతువుల రక్తప్రసారాన్ని కలిపి, క్లోరోఫాం కలిసిన రక్తం ఒకసారి మెదడుకు మాత్రమే, ఇంకోసారి మిగతా ఒంటికి మాత్రమే వెళ్లేలా చూశారు. రక్తపోటు పడిపోవడానికి కారణం గుండె మీద ఆ మందు ప్రభావమేనని తేలింది. లారీ చచ్చినా ఒప్పుకోలేదు. అసలు జవాబు 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు చూపించాడు. పిల్లులకు క్లోరోఫాం పలచగా ఇచ్చి, ఆ సమయంలో ఎడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి గిలగిలా వణికి ఆగిపోయింది. ఎడ్రినలిన్ అంటే భయపడినప్పుడు మన ఒంట్లో ఊరే రసాయనమే.

హైదరాబాదు ఎక్కడ పొరబడిందో ఇప్పుడు అర్థమవుతుంది. కమిషన్ జంతువులకు మందు ఎక్కువెక్కువగా ఇచ్చుకుంటూ పోయి, గాఢమైన మత్తులో చావును చూసింది. అక్కడ నిజంగానే ఊపిరే ముందు ఆగుతుంది. కానీ కుర్చీల్లో చనిపోయినవాళ్లు గాఢమైన మత్తులో లేరు. మొదటి రెండు నిమిషాల్లో, సగం మెలకువలో, గుండెలు దడదడలాడుతుండగా పోయారు. ఏడుస్తూ కూర్చున్న హానా గ్రీనర్‌కు జరిగింది బహుశా అదే. ప్రయోగం నిజాయితీగా చేశారు, గీతలు నిజమే చెప్పాయి. అడగాల్సిన రోగిని మాత్రం ఆ ప్రయోగంలో కూర్చోబెట్టలేదు. వైద్య పరిశోధనలో ఇంతకంటే ఉపయోగపడే తప్పు వెతికినా దొరకదు, ఎందుకంటే ఇది ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

క్లోరోఫాం కాలేయాన్నీ దెబ్బ తీస్తుందని తర్వాత తెలిసింది. 1950ల్లో హాలోథేన్ అనే కొత్త మత్తుమందు వచ్చాక అది ఆపరేషన్ గదుల నుంచి క్రమంగా తప్పుకుంది. 1908 సెప్టెంబరు వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. దాని వారసత్వంగా ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఊపిరిని చూడమన్న పాఠం మాత్రం నిలిచింది. 1970ల్లో జపాన్ ఇంజనీరు తకువో అయోయగి ఆలోచనతో పుట్టిన పల్స్ ఆక్సీమీటరు కరోనా రోజుల్లో మన ఇళ్లలోకీ వచ్చింది. వేలికి తగిలించే ఆ క్లిప్పు ఊపిరి రక్తానికి అందించిన ఆక్సిజన్‌నూ, నాడినీ ఒకేసారి చూపిస్తుంది. లండన్, ఎడిన్‌బరో తగాదా ఒక్క తెర మీద రెండు అంకెలై కూర్చుంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆపరేషన్ తనిఖీ పట్టికలో ఆక్సీమీటరు పని చేస్తోందో లేదో చూసుకోవాలని రాసి ఉంటుంది. చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో ఇవాళ్టికీ సర్జన్ సిద్ధంగా ఉన్నా, మత్తు డాక్టరు వచ్చేదాకా ఆపరేషన్ మొదలవదు.

అయితే క్లోరోఫాం తీర్చింది కోత నొప్పి ఒక్కటే. మెలకువ వచ్చాక మొదలయ్యే నొప్పి, క్యాన్సర్ ఎముకల్లోకి పాకాక రాత్రంతా నిద్ర పోనివ్వని నొప్పి అలాగే ఉండిపోయాయి. వాటి మీద పరిశోధన ఈ ఇరవై ఏళ్లలో చాలా ముందుకు పోయింది. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఉత్తర పాకిస్తాన్‌లోని మూడు కుటుంబాల గురించినది. ఆ పిల్లలకు పుట్టుకతోనే నొప్పి తెలియదు. వాళ్లలో మొదట డాక్టర్ల కంటపడ్డ పిల్లవాడు వీధుల్లో చేతులకు కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి చూపించేవాడు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటి కప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. నొప్పి కబురును మోసే నరాల్లో సోడియం లోపలికి వెళ్లే ఒక ద్వారం వాళ్లలో పని చేయడం లేదని తేలింది. దాని పేరు ఎన్‌ఏవీ 1.7. ఆ ద్వారాన్ని మందుతో మూయగలిగితే మత్తు లేకుండా, అలవాటు పడే భయం లేకుండా నొప్పిని ఆపవచ్చన్న ఆశతో కంపెనీలు పరుగు పెట్టాయి. చాలా మందులు విఫలమయ్యాయి. చివరికి పక్క ద్వారం ఎన్‌ఏవీ 1.8ను మూసే సుజెట్రిజిన్ అనే మాత్రకు 2025 జనవరి 30న అమెరికా అనుమతి దొరికింది.

ఇక్కడా తొందరపడకూడదు. ఆపరేషన్ తర్వాతి నొప్పికి ఆ మాత్ర ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పని చేసింది గానీ, నల్లమందు జాతి మందు కలిసిన పాత మాత్రను మించలేదు. నడుము నుంచి కాలులోకి లాగే నరాల నొప్పి మీద చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకూ దాదాపు అంతే ఉపశమనం కలిగింది. ఏ రోగి మీద, ఏ నొప్పి మీద పరీక్షించామన్నదే మళ్లీ అసలు ప్రశ్న.

ఈలోగా, చేతిలో ఉన్న మందు, అంటే నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ సంగతేమిటి? ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల్లో గసగసాల చేలున్నాయి, ఘాజీపూర్, నీముచ్‌ల్లో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. మత్తుపదార్థాల చట్టం వచ్చిన 1985లో దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 573 కిలోలు. 1997కల్లా అది 18 కిలోలకు పడిపోయింది. లైసెన్సు మీద లైసెన్సు అడగడం, చిన్న పొరపాటుకు పెద్ద శిక్ష ఉండడంతో ఆసుపత్రులు, మందుల షాపులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఈ చిక్కులు తగ్గించింది. అయినా 2017లో లాన్సెట్ వేసిన ఒక కమిషన్ లెక్క ప్రకారం, భారతదేశంలో అవసరమైన దాంట్లో 4 శాతమే రోగులకు అందేది.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి ఉపశమనానికి ప్రత్యేక విభాగం ఉంది. అక్కడికి చేరగలిగిన రోగికి మార్ఫిన్ మాత్ర దొరుకుతుంది. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో అడిగి, దాన్ని బట్టి మోతాదు పెంచుతారు, తగ్గిస్తారు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి వేసుకోవాలి. దానితో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు ఇవ్వాలి. ఇది పెద్ద విద్యేమీ కాదు, కొద్ది రోజుల శిక్షణతో ఏ జిల్లా ఆసుపత్రి డాక్టరైనా చేయగల పని. ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో క్యాన్సర్ రోగి ఒక మాత్ర కోసం రాత్రంతా బస్సులో కూర్చుని పట్నం రావాల్సిన పని లేదు. ప్రతి జిల్లా ఆసుపత్రికీ మార్ఫిన్ నిల్వ ఉంచుకునే గుర్తింపు ఇచ్చి, అక్కడి డాక్టర్లకు, నర్సులకు ఆ శిక్షణ ఇప్పించాలి. చట్టం అందుకు ఒప్పుకుని పదేళ్లు దాటింది.